చేతులు మారిన ప్లగ్

ట్రాయ్ ఊళ్లో వీరభద్రాన్ని చంపింది అతని ఇల్లే.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఆఫీస్‌కి బయల్దేరి గరాజ్‌లో కారెక్కాడు. గరాజ్ డోర్ తెరుచుకోలేదు. ఫోన్‌లో నొక్కాడు, రిమోట్ నొక్కాడు. కదల్లేదు. వెనక్కి వెళ్దామని దిగేసరికి ఇంట్లోకి వెళ్లే తలుపుకున్న స్మార్ట్ లాక్ టక్కున పడింది. కారు ఇంజిన్ తనంతట తనే స్టార్టయింది. ఆపాడు. మళ్లీ స్టార్టయింది. డోర్‌ని చేత్తో ఎత్తుకునే గొళ్లెం ఒకటి పైన ఉంటుంది. దాన్ని ముందురోజే ఎవరో వంచేశారు.

పొగ కమ్ముకుంటుంటే వీరభద్రం అరవలేదు. అతను ఇంజినీరు, ఊపిరి ఎంతసేపు మిగిలిందో లెక్క తెలుసు. ఆ ఉన్న కాస్త ఊపిరితో ఒక నంబర్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"మూడు లక్షల ప్లగ్గులు. అన్నిటికీ తల ఒక్కటే. శనివారం సాయంత్రం ఐదున్నర. తలని పీకొద్దు, పీకితే అదే సిగ్నల్. పక్కన బటన్... ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మా అమ్మకి..."

అక్కడితో ఆగిపోయింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి చికాగో పక్కన షామ్‌బర్గ్‌లోని ఇండియన్ గ్రోసరీలో కృష్ణవేణి బియ్యం బస్తాల వరసలో నిలబడి ఉంది. బయట మైనస్ ఇరవై రెండు. పార్కింగ్ నుంచి లోపలికి వచ్చేలోపే కనురెప్పలు అతుక్కుపోయాయి. పక్కన మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన ఇడ్లీ రవ్వ ప్యాకెట్ వెనక అచ్చేసింది చదువుతున్నాడు.

"గద్వాల్‌లో పెసర రంగు ఉందామ్మా?" అన్నాడు తల ఎత్తకుండా.

"పెసర రంగు అయిపోయిందండీ. మామిడి చిగురు ఉంది."

"ఎన్ని గజాలు?"

"తొమ్మిది."

పెద్దాయన పేరు రామమోహన్. డెస్క్ నైన్ అనే గూఢచారి విభాగానికి చీఫ్. ఆ డెస్క్ ఏ కాగితం మీదా ఉండదు. ఊళ్లో అందరికీ ఆయన రిటైరైన అకౌంటెంట్. అలాగే ఊళ్లో అందరికీ కృష్ణవేణి చీరల కృష్ణవేణి. పెద్ద సూట్‌కేసు లాక్కుంటూ ఇంటింటికీ వెళ్లి బేస్‌మెంట్లలో చీరలు పరుస్తుంది. పదేళ్ల కిందట ఇంటర్ దాటని ఈ మనిషిని ఎందుకు తీసుకున్నారని పైవాళ్లు అడిగితే ఆయన ఒకటే చెప్పాడట: "చదువు నేర్పించొచ్చు. ఆమెకున్న భయం నేర్పించలేం."

నిజమే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కృష్ణవేణి కీడెంచడం దగ్గరే ఆగిపోయే రకం. ఆమె ఇంట్లో మాట్లాడితే పలికే స్పీకర్ లేదు, కెమెరా ఉన్న కాలింగ్ బెల్ లేదు. పిల్ల పుట్టినప్పుడు ఎవరో ఇచ్చిన బేబీ మానిటర్‌ని రేకు కాగితంలో చుట్టి చెత్తలో పడేసింది.

రామమోహన్ తనకి వచ్చిన వీరభద్రం వాయిస్ మెసేజ్ వినిపించాడు. తర్వాత క్లుప్తంగా చెప్పాడు.

"ఆన్‌లైన్‌లో అమ్మిన పేరులేని చవక ప్లగ్గులు, వీరభద్రం కంపెనీ చేసినవి. ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసుకునేవి. ఈ చలికి జనం వాటికి స్పేస్ హీటర్లు తగిలించారు. ఐదున్నరకి మూడు లక్షల హీటర్లు ఒక్క సెకన్లో ఆరిపోతాయి. మరుక్షణం ఒక్క సెకన్లో వెలుగుతాయి. మళ్లీ ఆరుతాయి, మళ్లీ వెలుగుతాయి. గ్రిడ్ ఇప్పటికే పీకలదాకా లోడ్‌లో ఉంది. నాలుగో దెబ్బకి కూలిపోతుంది. నాలుగు రాష్ట్రాలు."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"నాలుగు రోజులు. ఆరు రోజులు కూడా కావచ్చు. ఈ చలిలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది..." ఆయన రవ్వ ప్యాకెట్ కింద పెట్టేశాడు.

కృష్ణవేణికి నాలుగు రాష్ట్రాలు కనిపించలేదు. ఒక గది కనిపించింది. ఎనిమిదేళ్ల ఆద్య మంచం, పక్కన గుర్రుమంటున్న ఆక్సిజన్ మెషీన్. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఊపిరితిత్తులకు బలం చాలదు, చలికాలం మొత్తం మెషీన్ మీదే. మెషీన్ బ్యాటరీ రెండు గంటలు. స్పేర్ సిలిండర్ నలభై నిమిషాలు. ఆ తర్వాత లెక్క లేదు.

"కరెంట్ కంపెనీకి చెప్పారా?"

"చెప్పాం. రిజర్వ్ అంతా చలికే అయిపోయిందన్నారు. టీవీలో చెబితే ఇది చేయిస్తున్న విదేశీ ముఠావాళ్లు ముందే నొక్కేస్తారు. బయటి దేశం నుంచి ఆర్డర్ వస్తే మనం దారిలోనే పట్టేస్తాం, అది వాళ్లకి తెలుసు. అందుకే ఆర్డర్ ఇచ్చే తల ప్లగ్గుని ఇక్కడే, మన ఊళ్లో ఒక మామూలు ఇంట్లో పెట్టారు. గోడకి గుచ్చితే చాలు, లోపలున్న సిమ్ మిగతాది చూసుకుంటుంది. రేపు ఎవరైనా వెతుక్కుంటూ వచ్చినా ఎవరో అమాయకపు ఇల్లాలు దొరుకుతుంది."

"ఎవరింట్లో?"

"దేదీప్య చెబుతుంది."

కృష్ణవేణి ముఖం చిట్లించింది. దేదీప్య చికాగో తెలుగు ఫంక్షన్లన్నిటికీ యాంకర్. మంచులోనూ స్లీవ్‌లెస్ జాకెట్టు, పట్టుచీర కింద హీల్ బూట్లు. మైకు పట్టుకుంటే పెళ్లికొడుకు కూడా పెళ్లికూతుర్ని మరిచిపోతాడు. ఆరేళ్లుగా ఆ విదేశీ ముఠాలో ఉంటూ డెస్క్ నైన్‌కి కబుర్లు చేరవేస్తోంది.

"ఆమె అసలు ఎవరి మనిషో నాకు నమ్మకం లేదు సార్."

"నీకు వాతావరణ శాఖ మీదే నమ్మకం లేదు కదమ్మా. వెళ్లు. తల చివరి గంటలోనే ఊపిరి పీలుస్తుంది, అంటే సిగ్నల్ వదులుతుంది. నాలుగున్నర దాటాక నీ సూట్‌కేసు దానికి ముప్పై అడుగుల దగ్గరికి వెళ్తే హ్యాండిల్ వణుకుతుంది."

కారెక్కగానే కృష్ణవేణి ఇంటికి ఫోన్ చేసింది. భర్త శ్రీహర్ష ఎత్తాడు.

"మెషీన్ నడుస్తోందా?"

"నడుస్తోంది. కింద కాఫీ పెట్టుకుంటున్నా. ఫోన్‌లో చూస్తున్నాగా, గ్రీన్‌లోనే ఉంది."

"ఫోన్‌లో కాదు, పైకెళ్లి చూడండి. సిలిండర్ కీ పోకుండా ఎర్రదారంతో సిలిండర్‌కే కట్టాను, గుర్తుంది కదా? డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లారా?"

"చల్లుతాను."

"పొద్దుటినుంచీ చల్లుతూనే ఉన్నారు. గ్లాసులా ఉంది అది. ఎవరైనా జారితే తుంటి విరుగుతుంది."

"నువ్వు చీరలు అమ్ముకుని రా తల్లీ," అని పెట్టేశాడు. పన్నెండేళ్ల కాపురంలో భార్య గురించి అతనికి తెలిసింది, చీరల వ్యాపారంలో లాభం లేదని మాత్రమే.

దేదీప్య తన తెల్ల కారు పక్కన నిలబడి ఉంది.

"అక్కా, నవంబర్‌లో రాధారాణి ఆంటీ హౌస్ వార్మింగ్‌కి ఆ ప్లగ్ నేనే చేతికిచ్చాను. లోపల ఏముందో నాకు అప్పుడు తెలీదు, ప్రామిస్. టీవీ వెనక పెట్టుకుంటానన్నారు." కళ్లు తుడుచుకుంది. "వీరభద్రం నాకు బాగా తెలుసక్కా."

కళ్లు తుడుచుకున్న టిష్యూ మీద కాటుక మరక లేదని కృష్ణవేణి చూసింది.

"నేను బయటే ఉంటా. నీ ఇయర్‌పీస్‌లో వింటుంటా. వాళ్ల మనుషులు వస్తే చెప్తా," అంది దేదీప్య.

నాలుగూ ముప్పై ఐదుకి కృష్ణవేణి రాధారాణి గారి బేస్‌మెంట్‌లో చీరలు పరిచింది. రాధారాణి గారికి అరవై దాటాయి. చేతి నిండా గాజులు, కాళ్లకి ఉన్ని సాక్సులు. సూట్‌కేసు హ్యాండిల్ మాత్రం చచ్చిన పాములా పడి ఉంది. బాత్‌రూమ్ వంకతో పై అంతస్తు దాకా తిప్పింది. ఎక్కడా ఉలకలేదు.

"ఆంటీ, దేదీప్య మీకు గృహప్రవేశానికి ఒక ప్లగ్ ఇచ్చిందట కదా. తెల్లది. వైఫైది."

రాధారాణి గారు చీర అంచు మీద లేని మరక గోకింది. "ఆ... ఇచ్చింది. వాడుతున్నాం."

"ఎక్కడ?"

"పైన."

"ఒకసారి చూడనా? నేనూ కొనుక్కుందామని."

"చీరలు చూపించడానికి వచ్చి ప్లగ్గులు చూస్తానంటావేంటమ్మా. మా అబ్బాయి అద్వైత్ ఎడిసన్ ఊరికి పట్టుకెళ్లాడులే. వాడి ఇంట్లో చలి."

"అద్వైత్ సమ్మర్ తర్వాత రాలేదుగా ఆంటీ."

"అయితే పాడైపోయి పారేశానేమో."

నాలుగూ యాభై రెండు. ముప్పై ఎనిమిది నిమిషాల్లో చీకటి. తుపాకీ పెట్టి బెదిరించినా నిజం చెప్పని మనుషులను కృష్ణవేణి చూసింది. కానీ ఈ మొండితనం వేరే జాతిది. ఆవిడ కళ్లు మాటిమాటికీ మెట్లకింది అల్మరా వైపు పోతున్నాయి. కృష్ణవేణి లేచి అల్మరా తెరిచింది.

అరల నిండా విప్పని గిఫ్టులు. గాజు గిన్నెల సెట్లు, కొవ్వొత్తులు, వెండి పూత కుందులు. వచ్చిన గిఫ్టుని వచ్చిన కాగితంతోనే దాచి ఇంకో ఫంక్షన్‌కి ఇవ్వడం. ప్రతి తెలుగింటి బేస్‌మెంట్‌లోనూ ఉండే అల్మరా. పెద్ద పెద్ద గూఢచారుల ప్లాన్ చార్టులో లేని గడి అది. ముఠావాళ్లు ఇంటిని ఎంచారు, గోడని ఎంచారు. ఈవిడ అసలు పెట్టె విప్పుతుందా అని మాత్రం ఆలోచించలేదు.

"ఎవరికిచ్చారు ఆంటీ?"

"ఛఛ. నేనలా ఇవ్వనమ్మా. ఎవరికైనా కొత్తదే కొంటాను."

కృష్ణవేణి ఆవిడ ఎదురుగా కింద కూర్చుంది. "నేనిస్తాను ఆంటీ. మీరు పోయినేడు మాకిచ్చిన నీలం ఫ్లవర్ వాజ్ ఉందే, అది నేను స్మృతి వాళ్ల సీమంతానికి ఇచ్చేశాను. విప్పనుకూడా లేదు."

రాధారాణి గారి ముఖం ఒక్కసారిగా తేటపడింది. "తెలుసు. స్మృతి దాన్ని మా గృహప్రవేశానికి తెచ్చింది. నేను రాసిన కార్డు లోపల అలాగే ఉంది."

ఇద్దరూ ఒక్క క్షణం తలలు దించుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి. ఆ ప్లగ్ ఎవరికిచ్చారు?"

"ఎలా చెప్పనమ్మా నీ మొహం చూసి," అంది రాధారాణి గారు గొంతు తగ్గించి. "డిసెంబర్‌లో మీ ఆద్య పుట్టినరోజుకే కదా ఇచ్చింది."

బేస్‌మెంట్‌లో హీటర్ ఆగినట్టయింది కృష్ణవేణికి.

ఫోన్‌లో చూస్తున్నాగా, గ్రీన్‌లోనే ఉంది.

పాత మెషీన్. దానికి ఫోన్‌లో కనపడే గుణం లేదు. పోయిన వారం తనే పోరింది శ్రీహర్షని: ఆఫీస్‌లో ఉన్నా మెషీన్ నడుస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండండి, ఏదో ఒక ఏర్పాటు చెయ్యండి, అని. ఏర్పాటు చేశాడు. గిఫ్టుల అల్మరాలోంచి తెల్ల పెట్టె తీసి గోడకి గుచ్చి, దానికి పిల్ల ఊపిరి తగిలించాడు. చంకలో బిడ్డని పెట్టుకుని సంతంతా వెతికినట్టు తను ఊరంతా తిరుగుతోంది. ఇంట్లోకి గాలి రాకుండా అన్ని కిటికీలూ మూసింది తనే, పాముకి తలుపు తీసిందీ తనే.

అప్పుడు ఇయర్‌పీస్‌లో వినిపించింది. బయట ఒక కారు స్టార్టయిన చప్పుడు. మంచు మీద టైర్లు రోడ్డెక్కిన చప్పుడు.

"దేదీప్యా?"

కృష్ణవేణి చీరలన్నీ సూట్‌కేసులో కుక్కి మెట్లవైపు లాక్కెళ్లింది.

కృష్ణవేణి ఇంటివైపు కారు నడిపినంత వేగంగా చీరలమ్మే ఏ మనిషీ నడిపి ఉండదు. శ్రీహర్షకి ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్. మళ్లీ చేస్తే మళ్లీ అదే. అతని ఫోన్‌ని దేదీప్య ఏదో చేసిందన్నమాట. చీఫ్‌కి కలిసింది.

"తల మా ఇంట్లో ఉంది సార్. దేదీప్య అటే వెళ్లింది."

"ఎందుకు? ఐదున్నరకి దానంతట అదే సిగ్నల్ ఇస్తుందిగా."

"అది ఎక్కడుందో తెలుసుకోవడానికే నా చేత వెతికించింది. నేను బటన్ నొక్కకుండా ముందే పీకించేస్తుంది. పీకితే అదే సిగ్నల్."

"టీమ్ రావాలంటే ఐదూ నలభై."

"అప్పటికి రావక్కర్లేదు," అని పెట్టేసింది. దారిలో ఒక ట్రక్కు రోడ్డుకి అడ్డంగా జారి ఎనిమిది నిమిషాలు తినేసింది. ఆ ఎనిమిది నిమిషాల్లో కృష్ణవేణి మనసు పిల్లని ఎనిమిదిసార్లు పోగొట్టుకుంది.

ఐదూ ఇరవై ఆరు. డ్రైవ్‌వేలో తెల్ల కారు. కృష్ణవేణి సూట్‌కేసు ఎత్తుకుని గడ్డి మీది మంచులోంచి నడిచి తలుపు తోసింది. మెట్లెక్కుతుంటే సూట్‌కేసు హ్యాండిల్ చేతిలో తేనెతుట్టెలా వణికింది. పైన గొంతులు.

"ఆద్యా, పక్కకి జరుగు నాన్నా. అది డేంజరట. పీకేసి సిలిండర్ పెడదాం." అది శ్రీహర్ష గొంతు. "అమ్మే ఆంటీని పంపింది."

"నో డాడీ. మమ్మీ పంపిస్తే పాస్‌వర్డ్ కూడా పంపిస్తది." ఆద్య ముక్కుకి గొట్టంతోనే, గోడకి వీపు ఆనించి, ప్లగ్గుకి అడ్డంగా కూర్చుంది. "పాస్‌వర్డ్ చెప్పు ఆంటీ."

"బంగారం, టైమ్ లేదమ్మా," అంది దేదీప్య స్టేజి మీది తియ్యటి గొంతుతో. "పాస్‌వర్డ్ ఆద్య. కరెక్టేనా?"

"దట్స్ జస్ట్ మై నేమ్."

స్కూలుకి ఎవరైనా వచ్చి మీ అమ్మ పంపిందంటే ఏంచేస్తావని, ఐదో ఏటనుంచీ రోజూ పొద్దున్నే పిల్లచేత ఆ మాట వల్లె వేయించింది కృష్ణవేణి. పిచ్చి భయం అని నవ్వేవాడు శ్రీహర్ష.

"వాముపొడి," అంది కృష్ణవేణి గుమ్మంలోంచి.

"కరెక్ట్," అంది ఆద్య.

దేదీప్య తిరిగింది. పట్టుచీర కుచ్చిళ్ల మధ్యనుంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. శ్రీహర్ష చేతిలో సిలిండర్‌తో బొమ్మలా నిలబడిపోయాడు.

"అక్కా, అక్కడే ఆగు. పాపని జరగమను."

"దేదీప్యా, ఎందుకిలా?"

"ఆరేళ్లు మీకు పనిచేశా. గ్రీన్ కార్డ్, గ్రీన్ కార్డ్ అన్నారు. నెలనెలా క్యూలో నా ప్రయారిటీ డేట్ వచ్చిందా అని చూసుకుంటూ కూర్చున్నా. వాళ్లు అడిగిన వారంలో కొత్త పేరు, కొత్త పాస్‌పోర్ట్ ఇచ్చారు." నవ్వింది. "మీకు ఫైల్ కదలదు. వాళ్లకి కదులుతుంది. అంతే."

కృష్ణవేణి ఇంక మాట్లాడలేదు. నలభై చీరల సూట్‌కేసుని రెండు చేతులా ఎత్తి విసిరింది. పిస్టల్ పేలింది. సూట్‌కేసు దేదీప్య రొమ్ముకి తగిలి పగిలింది, కంచిపట్లూ గద్వాళ్లూ గదంతా పరుచుకున్నాయి. పిస్టల్ మంచం కిందికి జారిపోయింది.

గుండు ఎవరికీ తగల్లేదు. ఆక్సిజన్ మెషీన్‌కి తగిలింది.

గుర్రుమనే చప్పుడు ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. ఎనిమిదేళ్లలో ఏ చలికాలంలోనూ ఆ ఇంట్లో రాని నిశ్శబ్దం అది. ఆద్య నోరు తెరిచింది. గాలి కోసం.

ఐదూ ఇరవై తొమ్మిది.

కృష్ణవేణి పిల్ల దగ్గరికే పడింది. చేతులు పిల్ల వైపే చాచాయి. ఆ చేతుల్ని తనే వెనక్కి లాక్కుంది. ఈ బటన్ నొక్కకపోతే సిలిండర్ పెట్టీ లాభం లేదు. నలభై నిమిషాల తర్వాత నాలుగు రోజుల చీకటి. పిల్ల భుజం పక్కనుంచి చెయ్యి దూర్చి బొటనవేలు బటన్ మీద అదిమింది. చిన్న ఎర్ర దీపం వెలిగింది.

ఒకటి.

"సిలిండర్," అంది. "ఎర్రదారం. కీ దానికే ఉంది."

నాలుగు. ఐదు. దేదీప్య వెనకనుంచి జడ పట్టుకుని గుంజింది. మెడ విరిగేలా ఉంది. వేలు కదల్లేదు.

"తిరగట్లేదు వేణీ."

"కుడికి కాదు. ఎడమకి తిప్పండి."

తొమ్మిది. ఆద్య పెదవులు నేరేడు రంగుకి తిరుగుతున్నాయి. పిల్ల కళ్లు తల్లి మొహం మీదే ఉన్నాయి, ఎందుకు ముట్టుకోవడం లేదని అడుగుతున్నట్టు. పన్నెండు. దేదీప్య గోళ్లు మణికట్టులో దిగాయి, రక్తం ప్లగ్గు మీదికి కారింది. జీవితంలో కృష్ణవేణి ఎన్నో కీడులు ఎంచింది. కళ్లెదుట పిల్ల ఊపిరి ఆడక కొట్టుకుంటుంటే తను ఒక ప్లాస్టిక్ ముక్కని పట్టుకుని కూర్చోవడం మాత్రం ఎంచలేకపోయింది.

పదహారు. బుస్సుమని చప్పుడు. శ్రీహర్ష గొట్టాన్ని సిలిండర్‌కి తగిలించాడు. పద్దెనిమిది. ఆద్య ఛాతీ ఎగిసింది. పంతొమ్మిది.

ఇరవై.

ఎర్ర దీపం ఆరిపోయింది. గోడగడియారం ఐదున్నర చూపించింది. ఇంట్లో లైట్లు ఒకసారి సన్నగిల్లాయి. శ్రీహర్ష కళ్లు మూసుకున్నాడు. లైట్లు మళ్లీ నిండుగా వెలిగాయి. కిటికీలోంచి చూస్తే వీధి వీధంతా వెలుగుతోంది.

దేదీప్య చెయ్యి వదిలేసి మెట్లవైపు పరిగెత్తింది. వీధి తలుపు కొట్టుకుంది. ఒక్క క్షణం తర్వాత బయట హీల్ బూట్లు జర్రుమన్న చప్పుడు, దభీమని ఒక శబ్దం, ఒక కేక.

కృష్ణవేణి పిల్లని ఒళ్లోకి తీసుకుని తల నిమురుతూనే భర్త వైపు చూసింది. "ఉప్పు చల్లలేదు కదూ?"

"మర్చిపోయాను," అన్నాడు శ్రీహర్ష నేరం చేసినవాడిలా.

"మంచిపని చేశారు."

టీమ్ వచ్చేసరికి ఐదూ నలభై రెండు. తుంటి విరిగిన దేదీప్య అక్కడే పడి ఉంది, పట్టుచీర మంచుకి అతుక్కుపోయి. ఆమె మీద రగ్గు కప్పింది కృష్ణవేణే. చలికి చచ్చిపోతుందేమోనని ఆ భయం కూడా ఆమెకే. రామమోహన్ పిల్లకి కొత్త మెషీన్ తెప్పించి, వెళ్తూ వెళ్తూ చెప్పాడు: వీరభద్రం వాళ్ల అమ్మకి కబురు తను స్వయంగా వెళ్లి చెబుతానని. కృష్ణవేణి తల ఊపింది. ఆ తల్లికి ఏమని చెబుతారో అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

ఆ రాత్రి శ్రీహర్ష చాలాసేపు చీరలు మడతపెట్టాడు. చివరికి అడిగాడు. "నువ్వు నిజంగా ఏం చేస్తావు?"

"చీరలు అమ్ముతాను."

"లాభం లేదు అందులో."

"అప్పుడప్పుడూ ఉంటుంది," అంది, మెషీన్ చప్పుడు వింటూ.

వారం తర్వాత రాధారాణి గారు ఆద్యని చూడటానికి వచ్చింది. చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. ఆవిడ వెళ్లాక కృష్ణవేణి దాన్ని గరాజ్‌లోనే ఉంచి చుట్టూ సూట్‌కేసు హ్యాండిల్ తిప్పింది. చెవి పెట్టి విన్నది. కత్తి మొనతో కాగితం చీల్చింది.

నీలం ఫ్లవర్ వాజ్. లోపల కార్డు కూడా అలాగే ఉంది.

వైరు లేదు, ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. కృష్ణవేణి దాన్ని తెచ్చి హాల్లో పెట్టింది. పగిలి ఎవరి కాల్లోనైనా గుచ్చుకుంటుందేమోనని కాస్త గోడ వైపు జరిపింది.